అరవై దాటాక నడక ఒక్కటే చాలదు

మన తెలుగు కుటుంబాలలో యాభై అయిదో, అరవయ్యో దాటిన వారిని “వ్యాయామం ఏమైనా చేస్తున్నారా?” అని అడిగితే చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే: “రోజూ వాకింగ్ చేస్తున్నానండీ.” మంచి మాటే. ఆ మాట చెప్పగలగడం కూడా అదృష్టమే. కాని వైద్యులుగా మేము అక్కడితో ఆగక మరొక ప్రశ్న వేస్తాము: “చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా?” అప్పుడు కొందరు నవ్వి వూరుకుంటారు. కొందరు లేచి చూపించబోయి, సగంలో కుర్చీ చేతులు పట్టుకుంటారు. రోజూ అరగంట నడిచే వారిలో కూడా ఇలాంటి వారు వున్నారు.

ఈ నెల మేము చెప్పదలచిన సంగతి ఇదే. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకు మరీ మంచిది. దానిని ఎవరూ మానవద్దు. అయితే తొడలకు, నడుముకు, భుజాలకు కావలసిన సత్తువ నడక ఒక్కదానితో నిలవదు. దానికి బరువుతో పని చేయించాలి. అంటే జిమ్‌కు వెళ్ళాలి. లేదా జిమ్‌లో జరిగే పనినే ఇంట్లో జరిపించుకోవాలి. “ఈ వయసులో జిమ్ ఏమిటండీ, చూసినవారు నవ్వరూ?” అనే పెద్దవారి కోసమే ఈ వ్యాసం.

మన వంటి వలస కుటుంబాలకు ఈ విషయం మరింత ముఖ్యం. స్వంత వూళ్ళో కాలు జారితే లేవదీయడానికి వీధి వీధంతా పరుగెత్తుకు వస్తుంది. ఇక్కడ కౌలాలంపూరులోనో, పెనాంగులోనో పద్దెనిమిదవ అంతస్తులో తలుపు వేసుకుని వుంటాము. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులు. పిల్లలు చదువు ముగిసేసరికి సింగపూరనో, మెల్బోర్న్ అనో వెళ్ళిపోతారు. అప్పుడు మనకు మిగిలే ఆసరా మన కాళ్ళే. బ్యాంకులో దాచుకున్న సొమ్ము గురించి ఎంతో ఆలోచిస్తాము గాని, కాళ్ళలో దాచుకోవలసిన సత్తువ గురించి ఆలోచించేవారు తక్కువ.

తోటల తరం, కుర్చీల తరం

ఈ దేశానికి తెలుగువారు వచ్చి నూరేళ్ళు దాటింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చినవారు రబ్బరు తోటల్లోనూ, దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతోహ్ వైపు కొబ్బరి తోటల్లోనూ పని చేశారు. రబ్బరు పాలు తీసే కూలీ తెల్లవారక ముందే లేచి, దీపం పట్టుకుని, వందల చెట్ల మధ్య తిరుగుతూ ఒక్కొక్క చెట్టు దగ్గరా వంగి లేచి, నిండిన బకెట్లు మోసుకుని తూకం దగ్గరకు నడిచేవాడు. వారి బ్రతుకు సుఖమైన బ్రతుకని మేము అనడం లేదు. మలేరియా, పేదరికం, అప్పులు ఎందరినో తినేశాయి. కాని నడకా, వంగి లేవడమూ, బరువు మోయడమూ ఈ మూడూ వారికి రోజూ కూలిలో భాగంగానే అందేవి. ఎవరూ వారికి వ్యాయామం చేయమని చెప్పవలసిన అవసరం లేకపోయింది.

తరువాత వచ్చిన మనం ఇంజనీర్లము, అధ్యాపకులము, కంప్యూటరు వారము, వైద్యులము. ఉదయం లిఫ్టులో దిగి, కారులో కూర్చుని, మళ్ళీ లిఫ్టులో ఎక్కి, కుర్చీలో కూర్చుంటాము. మధ్యాహ్నం నాసి లెమాక్, సాయంత్రం మామక్ కొట్టులో రోటీ చనాయ్, తే తారిక్; రాత్రికి మన అన్నం, పప్పు, నెయ్యి ఎలాగూ వున్నాయి. దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తూనే వుంది. మలేషియా ప్రభుత్వం 2023 లో జరిపిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో ఆరుగురిలో ఒకరికి మధుమేహం వుంది. సగానికి పైగా జనం వుండవలసిన దాని కన్నా ఎక్కువ బరువు వున్నారు. 2019 సర్వేలో జాతుల వారీగా చూసినప్పుడు భారతీయ సంతతి వారిలో మధుమేహం ముగ్గురిలో దాదాపు ఒకరికి వున్నట్లు తేలింది. అంటే మన వారి వాటా అందరికన్నా పెద్దది.

కూర్చుని చేసే పనికీ, తిరిగి చేసే పనికీ వున్న తేడాను మొదట లెక్క కట్టి చూపించినవారు లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు. 1953 లో ఆయన ప్రకటించిన పరిశోధనలో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ, కండక్టర్లనూ పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రోడ్డు, దాదాపు ఒకే జీతం. డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగేవాడు. కండక్టర్లలో గుండెపోటు తక్కువగా కనిపించింది. వచ్చినా అంత తీవ్రంగా రాలేదు. ఇప్పుడు మనలో అత్యధికులు ఆ బస్సు డ్రైవరు సీట్లోనే కూర్చుని వున్నామని గ్రహించాలి.

కండ ఎలా తరుగుతుంది?

ముప్పై ఏళ్ళు దాటిన దగ్గర నుంచి మన కండ పదేళ్ళకు నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ళ చొప్పున తరుగుతూ వస్తుంది. అరవై దాటాక ఈ తరుగుదల మరింత వేగమవుతుంది. అద్దంలో అది కనిపించదు, ఎందుకంటే తరిగిన కండ చోట కొవ్వు వచ్చి కూర్చుంటుంది. తూకం యంత్రం మీద నిలబడితే అదే 70 కిలోలు చూపిస్తుంది. కాని ఆ 70 కిలోలను లేపే యంత్రం మాత్రం చిన్నదైపోయి వుంటుంది. కండ తగ్గిన దాని కన్నా సత్తువ ఇంకా త్వరగా తగ్గుతుంది.

మంచం పట్టినప్పుడు ఈ నష్టం ఎంత వేగంగా జరుగుతుందో 2007 లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన చూపించింది. సగటున 67 ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే వుంచి చూస్తే, వారి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. పది రోజులే! డెంగీ జ్వరం వచ్చో, ఆపరేషన్ జరిగో మనలో ఎవరైనా పది రోజులు పడుకోవడం ఎంత మాట? 2020 మార్చి 18 న మన దేశంలో మొదలైన ఎమ్.సి.ఓ. కాలంలో నెలల తరబడి గడప దాటని పెద్దవారు తరువాత మెట్లు ఎక్కడానికి ఎంత కష్టపడ్డారో చాలా ఇళ్ళలో చూసే వుంటారు. వయసులో కండ నిలువ చేసుకున్నవారు అలాంటి నష్టాన్ని తట్టుకుంటారు. అంచున బ్రతికేవారు ఒక్క జ్వరంతో మంచానికి పరిమితమైపోతారు.

కండకు మరొక పని కూడా వుంది. అన్నం తిన్న తరువాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద భాగాన్ని పీల్చుకునేది కండే. కండ తరిగితే చక్కెరకు చోటు తగ్గినట్లే. కనుక మధుమేహం వున్నవారికి బరువుల వ్యాయామం మందులో ఒక భాగమని మేము భావిస్తాము.

అయితే తరిగిన కండ మళ్ళీ వస్తుందా? వస్తుంది. 1990 లో అమెరికాలోని బోస్టన్‌లో వైద్యురాలు మరియా ఫియాటరోన్ గారూ వారి సహచరులూ ఒక వృద్ధాశ్రమంలో వుంటున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వారి సగటు వయసు 90 ఏళ్ళు! వ్యాయామం పూర్తి చేసినవారి కాళ్ళ సత్తువ సగటున రెండింతలకు పైగా పెరిగింది. తొంభై ఏళ్ళ వారికి సాధ్యమైనది అరవై ఏళ్ళ మనకు ఎందుకు సాధ్యం కాదు?

జిమ్ మనకు కొత్త కాదు

జిమ్ అనగానే మన పెద్దవారికి అది తెల్లవారి ఫ్యాషన్ అనీ, కుర్రవాళ్ళు అద్దాల ముందు కండలు చూసుకునే చోటనీ ఒక అభిప్రాయం. మన ప్రాంతపు చరిత్ర వేరే చెబుతుంది. ఉత్తర కోస్తాలో తాలింఖానాలు ఏనాటి నుంచో వున్నాయి. దండీలు, బస్కీలు, సాము గరిడీ, రాతి గుండు ఎత్తడం ఇవన్నీ మన వూళ్ళ మాటలే. 1882 లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలో కసరత్తు నేర్చి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, ఆ తరువాత సర్కసు నడిపి దేశదేశాల పేరు తెచ్చుకున్నారు. ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్న ఆ మహాబలుడు శాకాహారి. ఆయన విగ్రహం విశాఖ బీచిలో నేటికీ వుంది. ఇక్కడ వున్న తెలుగువారిలో ఎందరికో పూర్వుల వూరు ఆయన పుట్టిన ప్రాంతమే.

నేడు జిమ్‌లో స్క్వాట్ అని నేర్పేది మన బస్కీకి చుట్టమే. పుష్ అప్ మన దండీకి చుట్టమే. పేరు మారింది, యంత్రం వచ్చింది. యంత్రం వచ్చినందువల్ల పెద్దవారికి మేలే జరిగింది, ఎందుకంటే బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు, పడిపోతామన్న భయం తక్కువ.

ఇంకొక మాట. మనలో చాలామంది కండోమినియంలలో వుంటాము. అక్కడ జిమ్ వుంటుంది, ఈత కొలను వుంటుంది. వాటికి నెలనెలా మెయింటెనెన్స్ కడుతూనే వుంటాము. ఆ జిమ్ తలుపు తెరిచి చూసిన అరవై ఏళ్ళ తెలుగువారు ఎందరు? డబ్బు కట్టి వండించుకున్న భోజనాన్ని తినకుండా లేచినట్లు కాదూ ఇది?

ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలు

ఆసియా దేశాల వైద్య నిపుణుల బృందం ఒకటి 2019 లో కండ బలహీనతను గుర్తించడానికి కొన్ని కొలతలు నిర్ణయించింది. వాటిలో రెండు ఇంట్లోనే చూసుకోవచ్చు. పక్కన ఒక మనిషి వుండాలి సుమండీ.

ఒకటి: గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోండి. చేతులు గుండెల మీద కట్టుకోండి. అయిదు సార్లు పూర్తిగా లేచి కూర్చోండి. 12 సెకన్ల లోపు అయితే సంతోషం. 12 గాని, అంతకు మించి గాని పడితే కాళ్ళలో సత్తువ తగ్గుతున్నదని అర్థం. లేవలేకపోతే వైద్యునికి చెప్పవలసిన సంగతే.

రెండు: నేల మీద 6 మీటర్లు కొలిచి గీత గీయండి. మామూలుగా నడిచే వేగంతోనే నడవండి. 6 సెకన్ల కన్నా ఎక్కువ పడితే, అంటే సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువ వేగమైతే, అది కూడా హెచ్చరికే.

చేతి పట్టును కొలిచే పరికరం ఆసుపత్రిలో వుంటుంది. మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కన్నా తక్కువైతే బలహీనతగా లెక్క. ఇంట్లో దీని గుర్తు సులువు: ఇదివరకు తేలికగా తీసే సీసా మూత ఇప్పుడు అల్లుడి చేతికి ఇవ్వవలసి వస్తున్నదా?

నడక: ఈ దేశంలో ఎప్పుడు, ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. వారంలో రెండు రోజులు తక్కువ కాకుండా కండరాలకు బరువు పని చెప్పాలి. 65 దాటినవారు వారంలో మూడు రోజులైనా తూలకుండా నిలబడే అభ్యాసం చేయాలి. ఒక మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి గాని, పాట పాడలేకపోవాలి. కబుర్లు చెప్పుకుంటూ, ఫోను చూసుకుంటూ కాళ్ళీడ్చడం ఈ లెక్కలోకి రాదు.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట చాలామందిని భయపెడుతున్నది. ఆ అంకె వైద్యశాస్త్రం నుంచి పుట్టినది కాదు. 1965 లో జపానులో ఒక కంపెనీ అమ్మిన అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరు అది. 2019 లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయసున్న పదహారు వేలకు పైగా స్త్రీలను గమనించిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు గణనీయంగా తక్కువగా కనిపించాయి. 7,500 అడుగుల తరువాత అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కనుక ఇప్పుడు నడుస్తున్న దానికి ఒక వెయ్యి కలపండి, చాలు.

వేళ సంగతి. మన వూళ్ళో మే నెలలో అయిదున్నరకే తెల్లవారుతుంది, అందుకని మన వారికి వేకువ నడక అలవాటు. ఇక్కడ 1982 జనవరి 1 న గడియారాలను అరగంట ముందుకు జరిపిన తరువాత, పశ్చిమ మలేషియాలో పొద్దు పొడిచేసరికి ఏడు దాటుతున్నది. అయిదున్నరకు బయలుదేరితే అది నడిరాత్రి వంటిదే. చీకట్లో కాలువ పలకలు కనిపించవు, వూరకుక్కలు కనిపించవు. ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు నడవడం మంచిది. లేదా సాయంత్రం ఆరు దాటాక; ఇక్కడ ఏడు గంటలకు కూడా వెలుతురు వుంటుంది. అయితే మధ్యాహ్నం మొదలైన వాన ఆగిందా, ఉరుములు ఆగాయా చూసుకుని మరీ బయలుదేరాలి. ఉరుము వినిపిస్తే చెట్టు కింద నిలబడరాదు, ఇంట్లోకి రావాలి.

చోట్లకు కొరత లేదు. కౌలాలంపూరులో తితివాంగ్సా సరస్సు చుట్టూ, లేక్ గార్డెన్స్ అని మనం పిలిచే పెర్దానా తోటలో, జంట గోపురాల పక్కన 1.3 కిలోమీటర్ల మెత్తని బాటలో, పెటాలింగ్ జయాలో తమన్ జయా పార్కులో తెల్లవారి వెళితే చీనా పెద్దవారు తాయ్ చీ చేస్తూ కనిపిస్తారు. వారిని దూరం నుంచి చూసి రావడం కన్నా వెనుక వరుసలో నిలబడటం మేలు. తూలకుండా వుండటానికి అంత చక్కని అభ్యాసం మరొకటి అరుదు. బట్టు కేవ్స్ 272 మెట్లు మోకాళ్ళు బాగున్నవారికి మంచి కొలబద్ద, కాని మోకాలి నొప్పి వున్నవారు స్వామిని కింద నుంచే దర్శించుకోవడం మంచిది. దిగేటప్పుడే మోకాలికి ఎక్కువ భారం పడుతుంది.

పొగమంచు, అంటే ఇక్కడి భాషలో జెరెబూ, వచ్చిన రోజుల్లో బయట నడవవద్దు. 1997, 2005, 2015, 2019 సంవత్సరాలలో ఎంత బాధపెట్టిందో పాతవారికి జ్ఞాపకమే. గాలి సూచీ 100 దాటితే గుండె, వూపిరితిత్తుల జబ్బు వున్నవారు, 200 దాటితే అందరూ ఇంటిలోనో, పెద్ద మాల్ లోనో నడవడం మంచిది.

షుగరు వున్నవారికి మరొక చిన్న చిట్కా. 2016 లో న్యూజిలాండులో మధుమేహం వున్నవారి చేత చేయించిన పరిశోధనలో, ఏదో ఒక వేళ అరగంట నడిచేకన్నా మూడు పూటలా భోజనం తరువాత పది నిమిషాలు నడిస్తే తిన్న తరువాతి చక్కెర మరింత తగ్గింది. రాత్రి భోజనం తరువాత ఈ లాభం అన్నిటికన్నా ఎక్కువ. రాత్రి అన్నం తిని సోఫాలో చేరగిలబడే మన అలవాటుకు ఇదే మందు.

జిమ్‌లో ఏం చేయాలి?

వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో రెండు రోజుల విరామం వుండాలి, ఎందుకంటే కండ పెరిగేది విశ్రాంతి వేళలోనే. మొదట పది నిమిషాలు నడిచి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఆ తరువాత నాలుగు పనులు: కాళ్ళతో తోయడం, దానికి లెగ్ ప్రెస్ అనే యంత్రం, చేతులతో ముందుకు తోయడం, అది చెస్ట్ ప్రెస్, చేతులతో దగ్గరకు లాగడం, అది సీటెడ్ రో, చివరకు మునివేళ్ళ మీద లేచి దిగడం. ఒక్కొక్కటీ పది పన్నెండు సార్లు, రెండు విడతలు. బరువు ఎంత అంటే, చివరి రెండు సార్లు కష్టంగా తోచాలి, అయినా ఒడుపు చెడకూడదు. ఇరవై సార్లు హాయిగా ఎత్తగలిగితే బరువు చాలడం లేదన్న మాట. మొదటి రెండు వారాలు మాత్రం తేలిక బరువే పెట్టి పద్ధతి నేర్చుకోవాలి.

ఎత్తేటప్పుడు వూపిరి బిగపట్టరాదు. బిగపడితే బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. తోసేటప్పుడు వూపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. మరునాడు కండరాలు కాస్త నొప్పిగా వుంటే భయపడవద్దు, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్లు నొప్పి వస్తే మాత్రం ఆపాలి.

జిమ్‌కు వెళ్ళలేనివారు ఇంట్లోనే చేయవచ్చు. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి దండీ తీసినట్లు ముందుకు వెనక్కు వూగడం. వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం. అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం. కొన్ని వారాలకు ఇవి తేలికైపోతాయి. అప్పుడు అయిదు కిలోల బియ్యం సంచి గుండెలకు హత్తుకుని కుర్చీలోంచి లేవండి. మన ఇంట్లో లేని జిమ్ వుందా?

ఇంటి ఇల్లాలి మాట

“పొద్దున్నుంచీ వంటింట్లో తిరుగుతూనే వున్నాను, నాకు వ్యాయామం ఎందుకు?” అనే తల్లుల మాట కూడా వినాలి. వారి అలసట నిజమే. కాని అలసట వేరు, బలం వేరు. నిలబడి కూరలు తరగడం కాళ్ళను నొప్పిపెడుతుందే గాని బలపరచదు. బహిష్టు ఆగిన తరువాత స్త్రీలలో ఎముక కూడా త్వరగా పలచబడుతుంది. కండ, ఎముక రెండూ తగ్గిన మనిషి స్నానాలగదిలో జారితే తుంటి విరుగుతుంది. 65 దాటినవారిలో ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒకసారైనా పడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వ్యాయామం వల్ల పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని 2019 లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. చీరతో జిమ్‌కు వెళ్ళడం కష్టమైతే పంజాబీ డ్రెస్సు, గట్టి బూట్లు చాలు. అత్తగారూ కోడలూ కలిసి వెళితే మరీ మంచిది. నవ్వేవారుంటే నవ్వనివ్వండి.

వూరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు

మనం ప్రేమతో పిలిపించుకునే తల్లిదండ్రుల గురించి ప్రత్యేకించి చెప్పాలి. వూళ్ళో వారు పాల కోసం, గుడి కోసం, కూరల కోసం రోజుకు పదిసార్లు వీధిలోకి వెళ్ళేవారు. ఇక్కడ భాష రాదు, దారి తెలియదు, తలుపు తీస్తే లిఫ్టు. మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా సోఫాలో టీ.వీ. ముందే వారి కాలం గడుస్తుంది. “మీరు కూర్చోండి నాన్నగారూ, నేను తెస్తాను” అని మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందిస్తాము. అది గౌరవమే. కాని మూడు నెలలు అలా కూర్చోబెట్టి పంపితే, వచ్చినప్పుడు విమానం మెట్లు ఎక్కిన కాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు వీల్‌చెయిరు అడుగుతాయి. వారిని రోజూ కిందికి దించి తోటలో తిప్పండి. మంచినీళ్ళు వారినే తెచ్చుకోనివ్వండి, వీలైతే మనకు కూడా తెమ్మనండి. పెద్దవారికి పని చెప్పడం అమర్యాద కాదు.

ముందుగా వైద్యుని చూడవలసినవారు

నడిచేటప్పుడు గుండెల్లో బరువు, ఆయాసం, కళ్ళు తిరగడం వున్నవారు; ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు; బి.పి. 180 దాటి వుంటున్నవారు. మధుమేహం వల్ల కంటి వెనుక పొర దెబ్బతిన్నవారు వైద్యుని సలహా లేకుండా బరువులు మొదలు పెట్టరాదు. ఇన్సులిన్ గాని, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు వ్యాయామానికి ముందు చక్కెర చూసుకోవాలి, జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు వుంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిచే ముచ్చట మానుకుని, రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. బి.పి. మాత్రలు వేసుకునేవారు ఒక్కసారిగా లేవరాదు.

తిండి గురించి ఒక్క మాట. బరువు ఎత్తినా, కండకు కావలసిన మాంసకృత్తులు అందకపోతే ఫలితం సగమే. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. గరిటెడు పప్పుచారుతో అది రాదు. చిక్కని పప్పు, పెరుగు, గుడ్డు, చేప. శాకాహారులకు ఇక్కడి మార్కెట్లో దొరికే తౌహూ, తెంపే చక్కని ఆధారాలు. తెంపేను మన వంకాయ కూరలా పోపు పెట్టి చూడండి. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం అడిగి తినాలి.

చివరగా ఒక సూచన. మన సంఘం వారు ఉగాదికీ, సంక్రాంతికీ సభలు చేస్తూనే వున్నారు. ఈసారి సభలో భోజనాలకు ముందు పది నిమిషాలు కేటాయించి, యాభై దాటిన వారందరినీ అయిదుసార్లు కుర్చీలోంచి లేపి కూర్చోబెడదాము. ఎవరికి ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద వ్రాసుకుని ఇంటికి తీసుకు వెళదాము. వారానికి రెండు రోజులు జిమ్, మిగతా రోజులు నడక పెట్టుకుని, మూడు నెలల తరువాతి సభలో మళ్ళీ చూసుకుందాము. అంకె తగ్గినవారు పక్కవారికి కూడా చెప్పాలి. తగ్గనివారు మమ్మల్ని అడగవచ్చు. చేతనైనంత వరకు చెబుతాము.